నీళ్లు రాని గంటల్లో పైపులో ఏం జరుగుతుంది?

ఏదో ఒక ఊళ్లో ఓ వార్డు వార్డంతా వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైందనుకోండి. మర్నాటి పేపర్లో రెండు ఫొటోలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో కాలనీవాళ్లు పసుపు రంగు నీళ్ల సీసా పైకెత్తి చూపిస్తుంటారు. ఇంకోదాంట్లో అధికారి మైకుల ముందు కూర్చుని, ఫిల్టర్ ప్లాంట్‌లో తీసిన శాంపిల్స్ అన్నీ బాగానే వచ్చాయని చెబుతుంటారు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని మనం అనుకుంటాం. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ప్లాంట్ దగ్గర నీళ్లు బాగానే ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి పాడయ్యాయి. మధ్యలో ఉన్నది పైపు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కుళాయి నీళ్లు తాగి జనం చనిపోయినప్పుడూ, 2018 మార్చిలో గుంటూరులో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయినప్పుడూ బయటపడిన సంగతి ఒకటే: మంచినీళ్ల లైన్లో మురుగు కలిసింది. ‘కలిసింది’ అని ఒక్క మాటతో వార్త ముగిసిపోతుంది. ఎలా కలుస్తుంది? పైపులో నీళ్లు ఒత్తిడితో పోతుంటాయి కదా, కన్నం పడితే నీళ్లు బయటికి చిమ్మాలి గానీ మురుగు లోపలికి ఎలా పోతుంది? నీటి జబ్బుల గురించి మాట్లాడేటప్పుడు అందరూ దాటేసే ప్రశ్న ఇదే. నా లెక్కలో అసలు ప్రశ్న కూడా ఇదే.

వాల్వ్ కట్టేశాక

మన ఊళ్లలో చాలాచోట్ల కుళాయి రోజంతా రాదు. పొద్దున గంట, సాయంత్రం గంట వచ్చే ఊళ్లున్నాయి. హైదరాబాద్‌లో చాలా కాలనీలకు రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లొచ్చే ఆ కాసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని ఎత్తులో కొలుస్తారు. ఒకే అంతస్తు ఇళ్లున్న వీధికైనా సరే, నీళ్లు కనీసం 7 మీటర్ల ఎత్తుకు ఎక్కేంత ఒత్తిడి ఉండాలని మన దేశంలో నీటి సరఫరా డిజైన్లకు ఆధారమైన ప్రభుత్వ మాన్యువల్ 1999 కూర్పులో చెప్పారు. అంత ఒత్తిడి ఉన్నంతసేపు పైపు పగిలినా లోపలి నీళ్లు బయటికి పోతాయే తప్ప బయటిది లోపలికి రాదు. నీళ్లు వృథా అవుతాయి, రోడ్డు కుంగుతుంది. జబ్బు మాత్రం రాదు.

లైన్‌మ్యాన్ వచ్చి వాల్వ్ కట్టేశాక కథ తిరగబడుతుంది. పల్లంలో ఉన్న ఇళ్లు పైపులో మిగిలిన నీళ్లను లాగేసుకుంటాయి. మెరకన ఉన్న పైపు ఖాళీ అవుతున్నకొద్దీ లోపల గాలి పీడనం బయటికన్నా తగ్గుతుంది. పొద్దున నీళ్లు చిమ్మిన పగులే ఇప్పుడు పీల్చుకోవడం మొదలుపెడుతుంది. పీల్చకపోయినా ముప్పే. పైపు మీద మట్టిలో అడుగు ఎత్తున మురుగు నిలిచి ఉందనుకోండి, ఖాళీ పైపులోకి దిగడానికి దానికి ఆ అడుగు ఎత్తు చాలు. మర్నాడు వాల్వ్ తిప్పగానే రాత్రంతా చేరిందంతా ముందుగా కుళాయిల్లోకి కొట్టుకొస్తుంది. నల్లా తిప్పగానే మొదటి ఒకటి రెండు బిందెలు రంగు మారి వాసన కొట్టడం, ‘కాసేపు వదిలేస్తే తేటపడతాయిలే’ అనుకోవడం మనందరికీ అలవాటైన విషయమే. ఆ తేటపడటం కంటికి మాత్రమే.

దీనికి తోడు మోటార్లు. ఒత్తిడి చాలక నీళ్లు సన్నగా వస్తుంటే నల్లాకే నేరుగా మోటారు బిగించేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. బోరుబావిలోంచో సంపులోంచో తోడుకోవడానికి పెట్టే మోటారు వేరు, ఇది వేరు. కొబ్బరి బొండాంలో స్ట్రా పెట్టి పీల్చినట్టు ఇది వీధి పైపునే పీలుస్తుంది. నీళ్లొచ్చే సమయంలో కూడా పైపులో ఒత్తిడి పడిపోయి, పక్కింటి ముందున్న పగుల్లోంచి మురుగు లోపలికి రావచ్చు. నీళ్లు ఎక్కువ పట్టుకున్న పాపం ఒకరిది, జబ్బు ఇంకొకరిది. మోటార్లు పెట్టొద్దని మున్సిపాలిటీలు చెబుతున్నది పక్కింటివాళ్ల వాటా గురించే అనుకుంటాం. పక్కింటివాళ్ల ఆరోగ్యం గురించి కూడా.

ఇంతకీ పైపు ఎక్కడ పగులుతుంది? రోడ్డు కింద ఉన్న పెద్ద మెయిన్ కన్నా, దాన్నుంచి మన గుమ్మం దాకా వచ్చే అరంగుళం పైపే ఎక్కువ బలహీనం. పాత వీధుల్లో ఒకసారి వంగి చూడండి. ఇంటిముందు మురుగు కాలువ ఉంటుంది. రోడ్డు మీది మెయిన్ నుంచి వచ్చిన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు ఆ కాలువను దాటే ఇంట్లోకి రావాలి. చాలాచోట్ల అది కాలువ కిందనుంచి పోదు, కాలువలోంచే పోతుంది. సగం నల్లటి నీళ్లలో మునిగి, చుట్టూ పాలిథిన్ కవర్లు చుట్టుకుని, తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంటుంది. జాయింట్ దగ్గర కారుతుంటే ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగ బిగించి ఉంటారు. నీళ్లొచ్చేటప్పుడు ఆ కట్టు కింద నుంచి సన్నగా కారుతుంటుంది. నీళ్లు ఆగిపోయిన ఇరవై మూడు గంటలూ అదే కట్టు కింద నుంచి ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

మంచినీళ్ల పైపుకూ మురుగు పైపుకూ మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలని, ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే మంచినీళ్లది పైన ఉండాలని నియమం. వీధి వెడల్పే 3 మీటర్లు లేనిచోట ఈ నియమాన్ని పాటించడం ఎవరి తరమూ కాదు. పేదల బస్తీల్లోనే ఇలాంటి వీధులు ఎక్కువ కాబట్టి డయేరియా వార్తల్లో ఎప్పుడూ ఆ బస్తీల పేర్లే వినిపిస్తాయి. వాళ్లకు శుభ్రత తెలియదని తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఒకసారి ఆ కాలువలో పైపు చూసి మాట్లాడితే బాగుంటుంది.

ఇదంతా ఊహ కాదని చెప్పడానికి మన పక్క రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉంది. కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడ జంట నగరాల్లో 2007, 2008 ప్రాంతంలో ఎనిమిది వార్డులకు ప్రయోగాత్మకంగా 24 గంటల సరఫరా ఇచ్చారు. మిగతా ఊరికి ఎప్పటిలాగే కొన్ని రోజులకోసారి. రెండు వైపులకూ అవే ప్లాంట్లలో శుద్ధి చేసిన నీళ్లే. తేడా అల్లా పైపులో నీళ్లు ఎప్పుడూ ఉండటం, ఉండకపోవడం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు రెండు వైపులా కుళాయి నీళ్లు పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. మలం కలిసిందనడానికి గుర్తయిన ఈ-కోలి బ్యాక్టీరియా, విడతలవారీగా నీళ్లొచ్చే ఇళ్ల శాంపిళ్లలో 31.7 శాతంలో కనిపించింది. 24 గంటలూ వచ్చే వైపు 0.7 శాతంలో. నది అదే, ప్లాంటు అదే, ఊరు అదే.

బ్లీచింగ్ బస్తా, రిజిస్టర్‌లో అంకె

పైపులోకి చెడు రాకుండా మొదట అడ్డుకునేది ఒత్తిడి. అది తప్పుకున్నాక మిగిలేది క్లోరిన్. ప్లాంట్‌లో కలిపిన క్లోరిన్ కొంత అక్కడున్న సూక్ష్మజీవుల మీద, నీళ్లలోని మట్టి మీద ఖర్చయిపోతుంది. కొంచెం మిగలాలి. మిగిలి, నీళ్లతో పాటు చివరి ఇంటి దాకా రావాలి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆ మిగులు లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. అదే ప్రమాణంలో ఇంకో మాట: 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కోలి ఒక్కటి కూడా కనిపించకూడదు.

ఈ రెండింట్లో సామాన్యుడికి పనికొచ్చేది మొదటిది. ఈ-కోలి పరీక్షకు ల్యాబ్ కావాలి, ఒక రోజు పడుతుంది. ఫలితం వచ్చేసరికి ఆ నీళ్లు తాగేసి ఉంటాం. క్లోరిన్ పరీక్ష ఒక్క నిమిషం పని. చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి, ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నంత మేరకు నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. కొత్త కిట్లలో వాడే డీపీడీ మాత్ర వేస్తే గులాబీ రంగు వస్తుంది. రంగును కార్డు మీది రంగులతో పోల్చుకోవాలి. ఓటీ ఒంటికి మంచిది కాదని డీపీడీకి మారమంటున్నారు గానీ, మన పంచాయతీల్లో ఇంకా ఎక్కువగా కనిపించేది పసుపు రంగే.

0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ పైపులోకి దిగిన మురుగునంతా చంపేస్తుందని కాదు. చంపలేదు. మురుగు కాస్త ఎక్కువ కలిస్తే ఆ క్లోరిన్ క్షణాల్లో ఖర్చయిపోతుంది. అందుకే అది ఖర్చయిపోవడమే మనకు కబురు. నిన్నటిదాకా పసుపు రంగు వచ్చిన కుళాయిలో ఇవాళ ఏ రంగూ రాలేదంటే, దారిలో ఏదో కలిసింది, లేదా అసలు క్లోరిన్ కలపలేదు. రెండింటికీ వెంటనే పరుగెత్తాల్సిందే. కానీ పరీక్ష ఎక్కడ చేస్తున్నారు? ట్యాంకు కింద మొదటి కుళాయి దగ్గర చేస్తే ఎప్పుడూ రంగు వస్తుంది. లైను ఆఖర్న ఉన్న ఇంట్లో చేయాలి. అక్కడిదాకా నడిచే ఓపిక ఎవరికుంటుందన్నది వేరే సంగతి.

పల్లెల్లో క్లోరిన్ అంటే బ్లీచింగ్ పౌడరే. తాజా పౌడరులో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. బస్తా మూతి విప్పి, పంపు గదిలో చెమ్మ మీద పెడితే అది వారాల్లోనే గాలికి పోతూ ఉంటుంది. తెల్లగానే కనిపిస్తుంది, ఘాటు మాత్రం ఉండదు. మంచి పౌడరైతే వెయ్యి లీటర్ల తేట నీటికి సుమారు 2.5 గ్రాములు చాలంటారు. అంటే 60 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు 150 గ్రాములు. బస్తాలో సగం బలం పోయి ఉంటే అదే 150 గ్రాములు సగం పనే చేస్తాయి. నీళ్లు బురదగా ఉంటే ఆ సగం కూడా చేయవు. పైగా కలిపాక కనీసం అరగంట ఆగాలి. బకెట్‌లో కలిపి ట్యాంకులో గుమ్మరించి, అదే నిమిషాన వాల్వ్ తిప్పితే మొదటి వీధికి వాసన వెళ్తుంది, ఆఖరి వీధికి ఏమీ వెళ్లదు. వాసన వచ్చిన వీధివాళ్లు ‘ఈరోజు మందు ఎక్కువేశారు’ అని గొడవ పడతారు. ఆపరేటర్ రేపటి నుంచి తగ్గించేస్తాడు.

ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దీనివల్ల కెనడాలో ఒక ఊరు ఊరే మంచం పట్టింది. ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే ఊరు, జనం ఐదు వేల లోపు. 2000 మేలో భారీ వానలు పడి, పశువుల ఎరువు కలిసిన నీళ్లు ఊరి బోరుబావుల్లో ఒకదానిలోకి దిగాయి. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. తర్వాత న్యాయ విచారణ జరిగితే తేలిందేమిటంటే, సరఫరా చూసుకునే సిబ్బంది ఏళ్ల తరబడి క్లోరిన్ కొలవకుండానే రిజిస్టర్‌లో 0.5, 0.75 అని రాసేస్తున్నారు. క్లోరిన్ వాసన వస్తోందని జనం ఫిర్యాదు చేస్తుంటే తక్కువ కలుపుతున్నారు. వాళ్లు దుర్మార్గులేం కాదు, అదే బావి నీళ్లు శుద్ధి చేయకుండా వాళ్లూ తాగేవాళ్లు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కదా అన్న ధీమా. ఆ బావికి క్లోరిన్‌ను తనంతట తానే ఎప్పటికప్పుడు కొలిచే యంత్రం ఉండి ఉంటే ఈ ఘోరం తప్పేదని విచారణ తేల్చింది. డబ్బున్న దేశంలోనే ఇలా జరిగింది. ప్రతి రోజూ ఒకే అంకె కనిపించే రిజిస్టర్ ఏ దేశంలోనైనా అనుమానించాల్సిందే.

క్లోరిన్‌కు లొంగనివి

క్లోరిన్ ఉంటే చాలని అనుకుంటే అదీ పొరపాటే. కలరా, టైఫాయిడ్ బ్యాక్టీరియా దానికి తొందరగా లొంగుతాయి. వైరస్‌లు కాస్త మొండివి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అసలు లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక ప్లాంటులో ఫిల్టర్లు సరిగ్గా పనిచేయక అది కుళాయిల్లోకి వచ్చేసింది. సుమారు 4 లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. క్లోరిన్ కలుపుతూనే ఉన్నారు. ఇలాంటివాటిని వడపోయాల్సిందే, వేరే దారి లేదు.

మన దేశంలో ఇంకా పాత పాఠం ఉంది. 1955లో యమునకు వరదలొచ్చి తగ్గాక నది పాయ ఢిల్లీలోని వజీరాబాద్ దగ్గరి పంపింగ్ కేంద్రానికి ఎడంగా జరిగింది. దిగువన కలవాల్సిన నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీళ్లు వెనక్కి మళ్లి, ఢిల్లీ నీళ్లు తోడుకునే చోటికే వచ్చాయి. ప్లాంట్‌వాళ్లు గమనించారు. పటిక పెంచారు, క్లోరిన్ పెంచారు. ఆ జాగ్రత్త ఫలించింది కూడా, టైఫాయిడ్ గానీ రక్త విరేచనాలు గానీ పెరగలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కొన్ని వారాలు గడిచాక, డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో 29 వేల మందికి పైగా పచ్చకామెర్లతో పడ్డారు. బ్యాక్టీరియాను ఆపిన క్లోరిన్ వైరస్‌ను ఆపలేకపోయింది. అది ఏ వైరస్సో అప్పట్లో ఎవరికీ తెలియదు. అప్పుడు దాచిపెట్టిన రక్త నమూనాలను దశాబ్దాల తర్వాత పరీక్షించి, ఇప్పుడు మనం హెపటైటిస్-ఇ అంటున్నది అదేనని తేల్చారు. గర్భిణుల మీద, అందులోనూ చివరి నెలల్లో, ఈ జబ్బు చాలా దారుణంగా ఉంటుంది.

కాబట్టి ప్లాంట్‌లో వడపోతను తక్కువ చేయడానికి లేదు. 1892లో జర్మనీలోని హాంబర్గ్‌లో కలరా వచ్చి సుమారు 8,600 మంది చనిపోయారు. ఆ ఊరికి అతుక్కుని ఉన్న ఆల్టోనా అనే ఊరు మాత్రం చాలావరకు బయటపడింది. రెండూ తాగేది ఎల్బే నది నీళ్లే. ఆల్టోనా తోడుకునేది హాంబర్గ్ మురుగంతా కలిశాక, దిగువన. కానీ ఇసుక పడకల గుండా వడపోసి ఇచ్చేది. హాంబర్గ్ వడపోయకుండా ఇచ్చేది. రెండు ఊళ్ల సరిహద్దు వీధిలో ఒక వైపు ఇళ్లలో కలరా, ఎదురు వరసలో ఏమీ లేదు. మరుసటి ఏడాదికే హాంబర్గ్ ఫిల్టర్లు కట్టేసుకుంది. శవాలు లేచాక తప్ప డబ్బు విడుదల కాకపోవడం మన మున్సిపాలిటీలు కనిపెట్టిన పద్ధతేమీ కాదు.

ఆలస్యంగా తెలిసే జబ్బు

ఢిల్లీ కథలో ఇంకో మెలిక ఉంది. మురుగు కలిసింది నవంబరులో, జనం ఆసుపత్రికి వచ్చింది డిసెంబరులో. కలరా అయితే గంటల నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు. హెపటైటిస్-ఇకి నెలా నెలన్నర కూడా పట్టొచ్చు. అంటే కామెర్ల కేసులు గుంపుగా కనిపించిన రోజున కుళాయిలో నీళ్లు పట్టి పరీక్ష చేస్తే శుభ్రంగా ఉండొచ్చు. ఆ రిపోర్టు చూపించి ‘నీళ్లలో ఏ దోషమూ లేదు’ అనడం సాంకేతికంగా నిజమే, కానీ పోయిన నెల నీళ్ల గురించి అది ఏమీ చెప్పదు.

అందుకని ల్యాబ్ కన్నా ముందు తెలిసే చోట్లు చూసుకోవాలి. ఒకే సందులో ఒకే వారం నలుగురు పిల్లలకు విరేచనాలైతే ఆ సంగతి మొదట తెలిసేది ఆశా కార్యకర్తకు, ఆర్‌ఎంపీకి, మూలమీది మెడికల్ షాపువాడికి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉన్నట్టుండి అమ్ముడవుతున్నాయంటే ఆ షాపువాడికి ఉన్న సమాచారం మున్సిపల్ ఇంజినీరుకు ఉండదు. ఇద్దరి మధ్యా ఫోన్ నంబరు కూడా ఉండదు. రోగుల ఇళ్లను ఊరి మ్యాపు మీద చుక్కలుగా పెట్టి, దాని మీద పైపులైను గీస్తే పగులు ఏ సందులో ఉందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దీనికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు, ఆరోగ్య శాఖవాళ్లూ నీటి శాఖవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు. పైపులైను మ్యాపు ఆఫీసులో దొరికితే, అని కూడా అనుకోవాలి. పాత ఊళ్లలో అది రిటైరయ్యే లైన్‌మ్యాన్ బుర్రలో తప్ప ఎక్కడా ఉండదు.

జబ్బు ప్రబలాక మనవాళ్లు మొదట చేసే పని రోడ్డుకు రెండు వైపులా, కాలువ గట్టు వెంబడి బ్లీచింగ్ పౌడర్ చల్లడం. తెల్లటి గీత ఫొటోలో బాగా కనిపిస్తుంది. ఆ గీత వల్ల పైపులో ఉన్న నీళ్లకు ఒరిగేది సున్నా. చేయాల్సింది వేరు. ఆ భాగానికి వాల్వ్ కట్టి సరఫరా ఆపాలి, ట్యాంకర్ నీళ్లు క్లోరిన్ చూసి మరీ ఇవ్వాలి, తవ్వి పగులు పట్టుకోవాలి, బాగుచేశాక లైనంతా ఎక్కువ మోతాదు క్లోరిన్‌తో కొన్ని గంటలు నింపి ఉంచి, ఆ నీళ్లను బయటికి వదిలేసి, చివరి కుళాయిల్లో పరీక్ష చేసి, అప్పుడు తిరిగి ఇవ్వాలి. ఇది రెండు మూడు రోజుల పని. ఆ రెండు మూడు రోజులూ నీళ్లు లేవని జనం, ఎప్పుడిస్తారని నాయకులు టెన్షన్ పెడతారు. మధ్యలోనే వదిలేయడం మామూలే.

మన ఇంట్లో

ఇదంతా చదివి, మాకెందుకీ గోల, మేం తాగేది క్యాన్ నీళ్లే కదా అనేవాళ్లుంటారు. వీధి చివర ప్లాంటులో ఆర్‌ఓ యంత్రం లవణాలతో పాటు సూక్ష్మజీవులనూ తీసేస్తుంది, బాగా చూసుకుంటే. కానీ ఆ యంత్రంలోకి వెళ్లేముందే కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను లాగేస్తుంది. బయటికొచ్చిన నీళ్లకు ఏ రక్షణా లేదు. 20 లీటర్ల క్యాను లోపల సరిగ్గా కడగకపోతే, మూత దగ్గర చెయ్యి తగిలితే, అందులో పెరిగేవాటిని ఆపడానికి ఏమీ ఉండదు. ఇంట్లో ఉన్న ఆర్‌ఓకీ ఇదే వర్తిస్తుంది. వంటకూ, పళ్లు తోముకోవడానికీ, పచ్చి కూరగాయలు కడగడానికీ వాడేది మళ్లీ కుళాయి నీళ్లే కదా.

అనుమానం ఉన్న రోజుల్లో నీళ్లు తెర్లేదాకా కాచడాన్ని మించింది లేదు. బుడగలు బాగా మరుగుతూ వచ్చాయంటే చాలు, అరగంట కాచి గ్యాస్ తగలేయక్కర్లేదు. కాచి చల్లార్చాక వాటిని పెట్టుకునే తీరు ముఖ్యం. వెడల్పు మూతి బిందెలో పోసి ప్రతివాళ్లూ గ్లాసు ముంచుతుంటే కాచిన ఫలితం మధ్యాహ్నానికే పోతుంది. అడుగున కుళాయి ఉన్న పాత్రో, పొడుగాటి కాడ గరిటో ఉండాలి.

సొంత ఇల్లున్నవాళ్లు సంపును కూడా ఒకసారి తెరిచి చూడాలి. చాలా ఇళ్లలో సంపు, సెప్టిక్ ట్యాంకు రెండూ ఇంటిముందు ఖాళీ జాగాలోనే, పక్కపక్కన ఉంటాయి. వానాకాలంలో భూమిలో నీటిమట్టం పెరిగితే సంపు గోడకున్న సన్నటి పగులు చాలు. వాస్తు చూసినంత శ్రద్ధగా ఈ దూరం ఎవరూ చూడరు. బయట పైపులో జరిగేదే మన కాంపౌండు లోపల కూడా జరగొచ్చు, దానికి మున్సిపాలిటీని తిట్టి లాభం లేదు.

24 గంటల నీళ్లు ఇస్తే సరిపోతుందా?

పైపు ఎప్పుడూ నిండుగా ఉంటే సగం గొడవ తీరుతుంది కాబట్టి 24 గంటల సరఫరా అన్నది సౌకర్యం కన్నా ముందు ఆరోగ్య విషయం. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం: గంటసేపు ఇవ్వడానికే నీళ్లు లేవు, రోజంతా ఎక్కడినుంచి తెస్తారు? కారే పైపుల్లో రోజంతా నీళ్లు నింపితే రోజంతా కారతాయి, నిజమే. అందుకే లీకులు మార్చకుండా గంటలు పెంచితే పనికాదు. పైపులు మార్చి, మీటర్లు పెట్టాక మాత్రం జనం వాడకం అనుకున్నంత పెరగదు. ఎప్పుడు తిప్పినా వస్తాయన్న నమ్మకం కుదిరితే డ్రమ్ములు నింపి, మర్నాడు పారబోసి, మళ్లీ నింపుకునే అలవాటు తగ్గుతుంది.

ఒడిశాలోని పూరీలో 2021 జులై నుంచి కుళాయి నీళ్లనే నేరుగా తాగేలా 24 గంటలూ ఇస్తున్నారు. రథయాత్రకు లక్షల మంది వచ్చే ఊరది. అక్కడ నాకు నచ్చిన ఏర్పాటు యంత్రాలకు సంబంధించింది కాదు. మన డ్వాక్రా సంఘాల్లాంటి మహిళా సంఘాల నుంచి ‘జలసాథీ’లను తీసుకున్నారు. వాళ్లే ఇంటింటికీ వెళ్లి మీటరు చూస్తారు, బిల్లు వసూలు చేస్తారు, కుళాయి నీళ్లు అక్కడే పరీక్షించి చూపిస్తారు. బిల్లు అడిగే మనిషే నీళ్లు బాగున్నాయని చూపించాల్సి రావడంలో ఒక న్యాయం ఉంది. మన దగ్గర కూడా జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పాలన్న నిబంధన ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, కిట్‌లో మందు ఎప్పుడు అయిపోయిందో పంచాయతీలో అడిగి చూడండి.

24 గంటల సరఫరా మంత్రదండమని మాత్రం చెప్పలేను. ఇందాకటి హుబ్బళ్లి-ధార్వాడలోనే ఐదేళ్లలోపు పిల్లలున్న వేల ఇళ్లను గమనించి 2015లో ఇంకో అధ్యయనం వెలువడింది. నీళ్లు అంత శుభ్రపడ్డా పిల్లల్లో మొత్తం విరేచనాల కేసులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పేద ఇళ్లలో రక్త విరేచనాలు తగ్గాయి, టైఫాయిడ్ కేసులు తగ్గాయి. కానీ మామూలు విరేచనాలు అలాగే ఉన్నాయి. ఎందుకంటే అవి చేతుల నుంచి, తిండి నుంచి, ఈగల నుంచి, వీధిలోని మలం నుంచి కూడా వస్తాయి. పైపు బాగుచేస్తే పైపు ద్వారా వచ్చే జబ్బులే ఆగుతాయి. వాటిలో ఊరినంతా ఒకేసారి పడేసేవీ, ప్రాణం తీసేవీ ఉన్నాయి కాబట్టి ఆ ఖర్చు దండగ కాదు.

ఖర్చు ఎవరిదన్న దగ్గరే ఎక్కడో చిక్కు పడుతుంది. పథకాలు మంజూరైనప్పుడు కొత్త ట్యాంకులకు, పెద్ద మెయిన్లకు డబ్బొస్తుంది, శిలాఫలకం వేయడానికి అవి అనువుగా కూడా ఉంటాయి. కాలువలోంచి పోయే ఆ అరంగుళం పైపు మాత్రం చాలా మున్సిపాలిటీల్లో ఇంటి యజమాని బాధ్యత. బస్తీల్లో ఆ ఇంట్లో ఉండేది అద్దెకున్నవాళ్లు. మార్చమంటే ఓనరు వినడు, వినాల్సిన అవసరం ఆయనకు లేదు, ఆయన వేరే వీధిలో ఉంటాడు. అద్దెకున్నవాళ్లు తవ్వితే రోడ్డు కటింగ్ పర్మిషన్ కావాలంటారు. మీ వార్డులో పైపులైను పథకం అంటూ సభ పెడితే అంచనాల కాగితంలో ఇంటి కనెక్షన్ల మార్పిడి ఉందా లేదా అని అడగండి. లేకపోతే కొత్త మెయిన్‌కు పాత తుప్పు పైపులే తెచ్చి బిగిస్తారు.